గఢ్ నుండి గ్రేడు వరకు: బిలాస్‌పూర్ సీమలో వృత్తులు, అంతస్తులు, తెలుగువారు

రతన్‌పూర్‌లో లభించిన మొదటి జాజల్లదేవుని శిలాశాసనం క్రీ.శ. 1114 నాటిది. కలచురి వంశానికి చెందిన ఆ రాజు తనకు ఏటేటా కప్పం చెల్లించిన మండలాధిపతుల జాబితాను అందులో చెక్కించాడు. ఆ జాబితాలో ఆంధ్ర, ఖిమిడి అనే పేర్లు కనిపిస్తాయి. ఖిమిడి అంటే పర్లాకిమిడి పరిసరాల సీమ. అతని కుమారుడు రెండవ రత్నదేవుడు కళింగాధిపతి అనంతవర్మ చోడగంగదేవుణ్ణి జయించినట్లు ఆ వంశపు శాసనాలు చాటుకున్నాయి. చోడగంగదేవుడు సామాన్యుడు కాడు. నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం రాజధానిగా వర్ధిల్లిన గంగ వంశపు మహారాజు. శాసనకవుల అతిశయోక్తులను పక్కన పెట్టినా, బిలాస్‌పూర్ సీమకూ ఉత్తరాంధ్రకూ మధ్య రాకపోకలు తొమ్మిది వందల ఏళ్ళ నాటివని వీటివల్ల తెలుస్తున్నది.

ఆ తరువాత ఎనిమిది శతాబ్దాలకు అదే ఖిమిడి సీమ నుండి, అదే శ్రీకాకుళం పల్లెల నుండి మనుషులు బిలాస్‌పూర్‌కు తరలి వచ్చారు. ఈసారి వచ్చినది సైన్యమూ కాదు, కప్పమూ కాదు. బట్టల మూటతో రైలు దిగిన కలాసీలు, గ్యాంగ్‌మన్‌లు, గుమాస్తాలు. వారిని రప్పించినది కూడ ఒక సామ్రాజ్యమే. దానికి లండనులో ఒక పాలకమండలి, కలకత్తాలో ఒక రాజధాని, వేలాది మంది బంట్లు, తలపాగా రంగు నుండి ఇంటి గోడ ఎత్తు వరకు నిర్ణయించే అంతస్తుల పట్టిక ఉండేవి. దాని పేరు బెంగాల్ నాగపూర్ రైల్వే. రతన్‌పూర్ రాజ్యంలోనూ, ఈ ఇనుపదారి రాజ్యంలోనూ ఎవరు ఏ పని చేశారు, ఆ పనిని బట్టి వారికి ఏ స్థానం దక్కింది అన్న ప్రశ్న రాజుల గెలుపోటముల కన్న సామాన్య ప్రజకు సన్నిహితమైనది.

ముప్పై ఆరు గఢ్‌ల రాజ్యం

ఛత్తీస్‌గఢ్ అన్న పేరుకు ముప్పై ఆరు కోటలని అర్థం. శివనాథ్ నదికి ఉత్తరాన రతన్‌పూర్ కింద పద్దెనిమిది, దక్షిణాన రాయ్‌పూర్ కింద పద్దెనిమిది గఢ్‌లు ఉండేవని సంప్రదాయం. 1868లో బిలాస్‌పూర్ జిల్లా భూమిశిస్తు బందోబస్తును పూర్తిచేసిన చిషోమ్ అనే అధికారి, కళ్యాణసాయి అనే కలచురి రాజు నాటి లెక్కల పుస్తకాన్ని ఆధారం చేసుకొని ఆనాటి పరిపాలనను వివరించాడు. ఆ వివరణ ప్రకారం గఢ్ అంటే సుమారు 84 గ్రామాల సముదాయం. దానికి దివాను అధిపతి. అందులో పన్నెండేసి గ్రామాలు ఒక తాలూకా. దానిని బరహోఁ అనేవారు. దానిపై దావు అనే ఉద్యోగి. ఒక్కొక్క గ్రామానికి ఒక గౌంటియా. రాజు నుండి రైతు వరకు నాలుగు మెట్ల నిచ్చెన అది. ప్రతి మెట్టూ పై మెట్టుకు శిస్తునూ సేవనూ అందించవలసినదే.

నిచ్చెనకు అడుగున ఉన్నది గ్రామం. దానిలోపల మరొక నిచ్చెన. మంగలి, చాకలి, కమ్మరి, పశువులను కాచే రావుత్ మొదలైన వృత్తులవారు ఏడాది పొడుగునా రైతులకు సేవచేసి, పంటకాలంలో ధాన్యం పుచ్చుకునేవారు. ఈ ఏర్పాటును ఛత్తీస్‌గఢీలో పౌనీ-పసారీ అంటారు. తెలుగు పల్లెలో కళ్ళం దగ్గర వృత్తులవారికి కొలిచే మేరకు, విజయనగర కాలపు శాసనాలు పేర్కొనే ఆయగాండ్ర వ్యవస్థకు ఇది తోబుట్టువు వంటిది. గ్రామదేవతల కొలువుకు బైగా, కాపలాకు కోత్వార్, నదిపై పడవకు కేవటుడు, పట్టునేతకు కోష్టా, ముతకనేతకు పనికా, వాద్యానికి గాండా. పుట్టుకే పనిని నిర్ణయించేది. పనే ఊరిలో ఇంటి చోటును నిర్ణయించేది. కొందరి ఇళ్ళు ఊరికి వెలుపలే ఉండేవి.

అయితే ఈ సమాజం చలనం లేనిది అనుకోవడం పొరపాటు. దీనిలో రెండు విశేషాలు గమనింపదగినవి. మొదటిది లాఖాబాటా అనే ఆచారం. కొన్ని ఏళ్ళకొకసారి గ్రామంలోని భూములన్నిటినీ కలిపి, మంచి నేల, చెడ్డ నేల అందరికీ సమంగా వచ్చేటట్లు రైతుల మధ్య తిరిగి పంచుకునేవారు. నల్లని కన్హార్ నేల ఒకరికే, గులకరాళ్ళ భాఠా నేల మరొకరికే శాశ్వతంగా మిగిలిపోకుండా చూచిన ఆచారమిది. బోద్రీ పక్కనే ఉన్న చకర్‌భాఠా పేరులో ఆ భాఠా అన్న మాట నేటికీ వినిపిస్తుంది. రెండవది సత్‌నామ్ ఉద్యమం. 1756లో గిరౌద్‌పురీలో జన్మించిన గురు ఘాసీదాసు, అంటరానివారిగా ఎంచబడిన ప్రజలకు ఒకే సత్యనామాన్ని, మనుషులందరి సమానత్వాన్ని బోధించాడు. ఆయన అనుచరులు పుట్టుకతో తమకు అంటగట్టిన తోలుపనిని, దానితోపాటు వచ్చిన పేరును విడనాడారు. గఢ్‌ల రాజ్యంలో వృత్తి అనే సంకెలను తెంచుకున్న గొప్ప ప్రయత్నమిది.

1741లో భాస్కర పంతు నాయకత్వాన భోంస్లేల మరాఠా సైన్యం రతన్‌పూర్‌ను లోబరుచుకున్నది. 1854లో నాగపూర్ రాజ్యంతోపాటు ఈ సీమ కంపెనీ పాలనలోకి వచ్చింది. 1861లో బిలాస్‌పూర్ జిల్లా ఏర్పడింది. 1860లలో జరిగిన బందోబస్తు గౌంటియాను మాల్గుజారుగా, అనగా గ్రామానికి యజమానిగా మార్చింది. అంతవరకు శిస్తు వసూలుచేసి అప్పగించే పెద్ద అయినవాడు ఇప్పుడు భూమిని అమ్మగల, తాకట్టు పెట్టగల హక్కుదారు అయ్యాడు. అమ్మకానికి వచ్చిన దానిని కొనగలవారు పట్టణపు వడ్డీవ్యాపారులు. యాజమాన్యం స్థిరపడిన చోట భూమిని మళ్ళీ మళ్ళీ పంచుకోవడానికి తావు లేదు. లాఖాబాటా క్రమంగా మాయమయినది. మాల్గుజారీ 1951లో రద్దయ్యేవరకు సుమారు ఎనభై ఏళ్ళపాటు ఈ కొత్త నిచ్చెనే గ్రామాన్ని పాలించింది.

ఇనుపదారి తెచ్చిన వర్ణవ్యవస్థ

ఛత్తీస్‌గఢ్ ధాన్యాన్ని వెలుపలికి తరలించే ఉద్దేశంతో నాగపూర్ నుండి రాజ్‌నంద్‌గావ్ వరకు వేసిన చిన్నగేజి దారి 1882లో ప్రారంభమయింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ దారిని స్వాధీనం చేసుకొని, పెద్దగేజికి మార్చి, బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు పొడిగించింది. 1891 నాటికి ఆ మార్గం పూర్తయింది. అదే ఏడు ఉమరియా, కట్నీల వైపు నుండి వచ్చే దారి కూడ బిలాస్‌పూర్‌ను కలిసింది. 1900 నాటికి ఖరగ్‌పూర్ మీదుగా కలకత్తాకు నేరుగా రైలు నడిచింది. కేవటుల ఆడపడుచు బిలాసా పేరున వెలసినదని జనశ్రుతిలో చెప్పుకునే అర్పా ఒడ్డు పల్లె ఈ విధంగా ఒక గొప్ప కూడలి అయినది.

రైలుకు కులం లేదని, ఒకే పెట్టెలో అందరూ కూర్చుంటారని ఆనాటి సంస్కర్తలు సంతోషించారు. అందులో కొంత సత్యం ఉన్నది. కాని రైలును నడిపిన వ్యవస్థ మాత్రం తనదైన వర్ణాలను సృష్టించుకున్నది. అన్నింటికీ పైన ఇంగ్లండు నుండి ఒప్పందంపై వచ్చిన అధికారులు. వారి కింద పై తరగతి ఉద్యోగులు. డ్రైవర్లు, గార్డులు, పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్లు వంటి ఆ ఉద్యోగాలలో యూరోపియనులు, ఆంగ్లో-ఇండియనులు అధికసంఖ్యాకులు. ఆ కిందిది భారతీయ స్టేషన్ మాస్టర్లు, గుమాస్తాలు, తంతి ఉద్యోగులు. అట్టడుగున కంపెనీ లెక్కలలో 'మీనియల్' అనే పేరుతో నమోదయిన కలాసీలు, పాయింట్స్‌మన్‌లు, గ్యాంగ్‌మన్‌లు, దీపాలవారు, పోర్టర్లు, పారిశుధ్య కార్మికులు. సంఖ్యలో వీరే అందరికన్న ఎక్కువ.

అంతస్తును కంటికి కనబడేటట్లు చేయడంలో రైల్వే పాత రాజ్యాలను మించిపోయింది. అధికారికి తోటతో కూడిన బంగళా, డ్రైవరుకు వరండా ఇల్లు, గుమాస్తాకు రెండు గదులు, కలాసీకి వరుసగా కట్టిన ఒంటిగది. రైల్వే కాలనీలలో యూరోపియనుల ఇన్‌స్టిట్యూటు వేరు, భారతీయుల ఇన్‌స్టిట్యూటు వేరు. ఉచిత ప్రయాణపు పాసు కూడ హోదాను బట్టి మొదటి తరగతి నుండి మూడవ తరగతి వరకు మారేది. కలాసీ రొమ్ముపై నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉండేది. 

పాత కులాలను సైతం ఈ వ్యవస్థ అవసరమైనచోట వాడుకున్నది. ప్లాట్‌ఫారం మీద ప్రయాణికులకు నీళ్ళు పోసే ఉద్యోగి బ్రాహ్మణుడై ఉండవలెను. అతణ్ణి పానీ పాండే అని పిలిచేవారు. ముస్లిం ప్రయాణికులకు నీళ్ళ ఏర్పాటు వేరుగా ఉండేది. మరొక కొసన, మలమూత్రాలను ఎత్తివేసే పనికి ఎప్పుడూ ఆ పని అంటగట్టిన కులాలవారినే నియమించేవారు. ఉద్యోగి కొడుకుకు ఉద్యోగంలో ప్రాధాన్యం ఇచ్చే ఆచారం వల్ల, పుట్టుకతో సంబంధం తెంచవలసిన రైల్వే కొలువు కూడ తండ్రి నుండి కొడుకుకు సంక్రమించే వృత్తిగా మారింది.

ఒక గూడ్సుబండి అర్ధరాత్రి బిలాస్‌పూర్ యార్డు నుండి కదలాలంటే ఏమి జరగాలో పరిశీలిస్తే ఈ నిచ్చెన అసలు స్వరూపం తెలుస్తుంది. బండి వేళకు రెండు గంటల ముందు కాల్‌బాయ్ లాంతరు పట్టుకొని కాలనీ వీధులలో తిరిగి డ్రైవరును, ఫైర్‌మన్‌ను, గార్డును నిద్రలేపేవాడు. షెడ్డులో కలాసీలు ఇంజను కడుపులోని బూడిదను దులిపి, బొగ్గు ఎత్తి, నీరు పట్టి, ఆవిరి సిద్ధం చేసేవారు. పెట్టెల ఇరుసులను, కప్లింగులను తనిఖీదారు సుత్తితో తట్టి చూచేవాడు. పాయింట్స్‌మన్ దారి మళ్ళించేవాడు. స్టేషన్ మాస్టరు పక్క స్టేషనుతో మాట్లాడి అనుమతి ఇచ్చేవాడు. ఆ తరువాతనే గార్డు పచ్చదీపం ఊగేది. వీరందరికన్న ముందే, పగటివేళ కీమన్ తన బీటులోని పట్టాలవెంట ఒంటరిగా నడిచి, వదులైన తాళాలను, అనగా పట్టాను బిగించే ఇనుప చీలలను, సుత్తితో బిగించి పోయి ఉంటాడు. జీతపు పట్టికలో అతని స్థానం అట్టడుగున. కాని అతడు ఒక్క చీలను చూడక విడిచిపెడితే పట్టికలో పైన ఉన్న వారెవరూ ఆ బండిని కాపాడలేరు. బాధ్యతకు, హోదాకు మధ్య ఇంతటి వ్యత్యాసం గఢ్‌ల రాజ్యంలో కూడ అరుదు.

బిలాస్‌పూర్ స్టేషను రవీంద్రనాథ ఠాకూరు కవితలో శాశ్వతంగా నిలిచిపోవడానికి ఈ వ్యత్యాసమే కారణమయినది. 1918లో వెలువడిన 'పలాతకా' సంపుటిలోని 'ఫాఁకి' అనే కథాకావ్యంలో, జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న ఒక భద్రలోకుడు ఈ స్టేషనులో బండి మారడానికి ఆగుతాడు. ఆ ఇల్లాలికి ఒక కూలీ భార్య రుక్మిణితో పరిచయమవుతుంది. రుక్మిణి కూతురి పెళ్ళికి ఇరవై అయిదు రూపాయలు ఇమ్మని ఆమె భర్తను కోరుతుంది. అతడు రుక్మిణిని పక్కకు పిలిచి గద్దించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపి, మొత్తం ఇచ్చానని భార్యతో అబద్ధమాడుతాడు. భార్య మరణించిన తరువాత ఋణం తీర్చుకోవడానికి తిరిగి వచ్చి వెదకితే, రుక్మిణి ఎక్కడికి పోయినదో స్టేషనులో ఎవరికీ తెలియదు. ఒక కూలీ కుటుంబపు జాడను నిలుపుకోవలసిన అవసరం ఆ వ్యవస్థలో ఎవరికీ లేకపోయింది.

రంగం వెళ్ళనివారు

ఉత్తరాంధ్ర పల్లెలలో ఒకప్పుడు 'రంగం' వెళ్ళడం అంటే రంగూను వెళ్ళడం. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి వేలాది మంది ఓడలెక్కి బర్మా మిల్లులకు, రేవులకు కూలికి పోయేవారు. అదే కాలంలో వారికి మరొక దారి తెరుచుకున్నది. 1890లలో నిర్మించిన తూర్పు తీర రైలుమార్గంలో వాల్తేరు నుండి ఉత్తరానికి పోయే భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెలు అప్పటి నుండి ఆ కంపెనీ సామ్రాజ్యంలోని ఊళ్ళు. తెలుగువారు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు, చక్రధర్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు అదే కంపెనీ బండిలో చేరుకున్నారు. 1931లో పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా విజయనగరం నుండి రాయ్‌పూర్‌కు నేరుగా మార్గం పూర్తయింది. మధ్యపరగణాల ఖనిజాన్ని, పంటను విశాఖపట్నం కొత్త రేవుకు చేర్చడం దాని లక్ష్యం. రేవు 1933లో ప్రారంభమయింది. సరకు సముద్రం వైపు సాగింది. మనుషులు ఎదురు దిశలో కొండలు దాటారు.

వచ్చినవారందరూ ఒకే మెట్టున నిలువలేదు. ఇంగ్లీషు చదువు కొంత అబ్బినవారు గుమాస్తాలు, స్టేషన్ మాస్టర్లు, తంతి ఉద్యోగులు అయ్యారు. భూమి లేనివారు, ఉన్న చెక్క కరవుకు పోగొట్టుకున్నవారు షెడ్డులో కలాసీలుగా, దారిపై గ్యాంగ్‌మన్‌లుగా చేరారు. ఊరివాడు ఊరివాణ్ణి తెచ్చాడు. మేస్త్రీ తన బంధువుకు, బంధువు తన బావమరిదికి పని చూపించాడు. కలాసీగా చేరినవాడు చెయ్యి తిరిగితే ఫిట్టరు కావచ్చు, ఫిట్టరు మేస్త్రీ కావచ్చు. కమ్మరి కొడుకు కానివాడు ఇనుము పని నేర్చి, ఆ పనితోనే పింఛను పుచ్చుకోగలగడం పల్లెలో ఊహించరానిది. ఈ ఒక్క విషయంలో రైల్వే నిచ్చెన పాత నిచ్చెనకన్న నిస్సందేహంగా మేలైనది. దాని మెట్లు ఎక్కడానికి వీలున్నవి.

అయినా ఊరు వారిని పూర్తిగా విడువలేదు. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన రెల్లివారు అనేక రైల్వే పట్టణాలలో చీపురుకే కట్టుబడిపోయారు. క్వార్టర్ల వరుసలో పక్కపక్క గదులలో వేర్వేరు కులాలవారు కాపురముండేవారు. ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టేవారు. పిల్లలు ఒకే బడికి పోయేవారు. పెళ్ళిసంబంధానికి మాత్రం తిరిగి పార్వతీపురమో, పలాసో వెళ్ళవలసినదే. గ్రేడు పగటి జీవితాన్ని పాలించింది, కులం పెళ్ళిపందిరిని పాలించింది. పల్లెలో ఈ రెండూ ఒకటే. కాలనీలో అవి మొదటిసారి వేరయ్యాయి. ఆ చిన్న ఎడమే తరువాతి తరాలకు ఊపిరి తీసుకునే చోటు.

స్త్రీల శ్రమకు ఈ పట్టికలో స్థానం దాదాపు లేదు. స్థానికంగా రేజాలని పిలువబడే కూలీ స్త్రీలు కంకర మోశారు, గట్లు పోశారు. రేయింబవళ్ళు వేళ తప్పి వచ్చే భర్తకు వేడి అన్నం సిద్ధంగా ఉంచడం, అతడు పగలు నిద్రించేటప్పుడు పిల్లలను సద్దు చేయకుండా చూడడం రన్నింగ్ స్టాఫ్ ఇల్లాళ్ళ నిత్యకృత్యం. శ్రీరామనవమి పందిరి కింద పాడిన పాటలతో, నిద్రపుచ్చే కథలతో తెలుగు భాషను నిలిపినవారు కూడ వారే. బయట ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ఇంట శ్రీకాకుళం యాస. మూడు భాషలలో బేరమాడగల కాలనీ పిల్లలు తెలుగు అక్షరాలను మాత్రం కూడబలుక్కుని చదవవలసి వచ్చింది.

ఇదే కాలంలో బిలాస్‌పూర్ జిల్లా పల్లె ప్రజలు తమ ఊళ్ళను విడిచిపోతున్నారు. 1896-97, 1899-1900 సంవత్సరాల కరవులు గ్రామాలను ఖాళీ చేశాయి. అదే రైలు వారిని అస్సాం తేయాకు తోటలకు, ఝరియా బొగ్గుగనులకు మోసుకుపోయింది. ఒక సీమవారు ఉపాధికోసం వచ్చిన చోటునే మరొక సీమవారు ఉపాధిలేక వదిలారు. కంపెనీకి ఇందులో వింత ఏమీ లేదు. స్థిరపడినవాడు ప్రశ్నిస్తాడు, పరాయిచోటివాడు తల వంచుతాడు అన్నది ఆనాటి యాజమాన్యాలన్నిటికీ తెలిసిన సూత్రం.

తల ఎత్తిన అట్టడుగు

ఆ సూత్రం చిరకాలం నిలువలేదు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సమ్మె, దానివెంట లాకౌటు జరిగాయి. ఉద్యోగుల తగ్గింపు వాటికి మూలం. ఆ కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించినవాడు వరాహగిరి వేంకటగిరి. 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చిన ఆయన, తొలగింపబడిన కార్మికుల కోసం 1928లో అహింసాయుతమైన సమ్మెను నడిపాడు. కలాసీ, ఫిట్టరు, గుమాస్తా ఒకే సంఘంలో సభ్యులు కావడం ఆ రోజులలో చిన్న విషయం కాదు. కంపెనీ వేరువేరు గదులలో ఉంచినవారిని సంఘం ఒకే చాపపై కూర్చోబెట్టింది. గిరి 1937లో మద్రాసు రాష్ట్ర మంత్రివర్గంలో కార్మిక శాఖను, స్వాతంత్ర్యానంతరం కేంద్రంలో అదే శాఖను నిర్వహించి, 1969లో రాష్ట్రపతి అయ్యాడు.

చరిత్ర వ్యంగ్యం ఇక్కడే ఉన్నది. 1974 మే 8 నుండి 27 వరకు దేశవ్యాప్తంగా సాగిన రైల్వే సమ్మెను ప్రభుత్వం కఠినంగా అణచినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆ గిరియే. రాజ్యాంగం ప్రకారం ఆ పదవికి ఉన్న పరిమితులు తెలిసినవే. అయినను, 1928లో తొలగింపబడినవారి పక్షాన నిలిచిన నాయకుడు 1974లో వేలాది మంది తొలగింపబడగా దేశాధినేత స్థానంలో ఉండవలసి రావడం, నిచ్చెన ఎక్కినవానికి సైతం దానిని మార్చడం ఎంత కష్టమో చెబుతుంది.

మారిన పేర్లు, మిగిలిన మెట్లు

1944లో బెంగాల్ నాగపూర్ రైల్వేను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1952లో అది తూర్పు రైల్వేలో, 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమయింది. జాతిని బట్టి ఉద్యోగాలిచ్చే పద్ధతి అంతరించింది. 'మీనియల్' అనే మాట కాగితాల నుండి తొలగిపోయి నాలుగవ తరగతి వచ్చింది. 1970లలో తరగతులు గ్రూపులు అయ్యాయి. నాలుగవ తరగతి గ్రూప్ డి అయినది. ఆరవ వేతన సంఘం సిఫారసుల తరువాత గ్రూప్ డి కూడ గ్రూప్ సిలో కలిసిపోయింది. డ్రైవరు లోకో పైలట్ అయ్యాడు, గ్యాంగ్‌మన్ ట్రాక్ మెయింటెయినర్ అయ్యాడు, 2022లో గార్డు ట్రైన్ మేనేజర్ అయ్యాడు. ఆవిరి ఇంజను 1995లో పెద్దగేజి దారుల నుండి సెలవు తీసుకోవడంతో బొగ్గు ఎత్తే ఫైర్‌మన్ వృత్తి, అతణ్ణి నిద్రలేపే కాల్‌బాయ్ లాంతరు జ్ఞాపకాలుగా మిగిలాయి.

మార్పులన్నీ పేర్లలోనివే అనడం న్యాయం కాదు. రాజ్యాంగం కల్పించిన రిజర్వేషన్ల వల్ల, ఊరికి వెలుపల ఇల్లు కట్టుకోవలసి వచ్చినవారి మనుమలు స్టేషన్ మాస్టర్ల కుర్చీలలో, ఇంజనీర్ల బల్లల ముందు కూర్చున్నారు. గఢ్‌ల రాజ్యం గాని, కంపెనీ రాజ్యం గాని కలలోనైనా తలపని మార్పు ఇది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమయింది. ఎన్నో ఏళ్ళుగా ఆ పట్టణం కోరిన గౌరవమది. ఆ కార్యాలయాలలో నాలుగవ తరం తెలుగువారు కూడ పనిచేస్తున్నారు.

అయితే పట్టికలో అట్టడుగు మెట్టు తొలగినప్పుడు ఆ మెట్టు మీది పని తొలగిపోలేదు. స్టేషను ఊడ్చడం, పెట్టెలు కడగడం వంటి పనులు చాలవరకు గుత్తేదారుల చేతిలోకి పోయాయి. ఆ పని చేసేవారికి బిళ్ళ లేదు, క్వార్టరు లేదు, పాసు లేదు, పింఛను లేదు. కంపెనీ కాలపు కలాసీ నిచ్చెనకు అడుగున ఉన్నా నిచ్చెన మీద ఉన్నాడు. గుత్తకూలీ నిలబడినది నిచ్చెనకు వెలుపల. పౌనీ-పసారీలో మంగలికి, చాకలికి ఎంత తక్కువైనా కళ్ళంలో ధాన్యం మీద హక్కు ఉండేది. ఆ హక్కు పేరు కూడ లేని పనివాని స్థితిని ఏ కొలతతో కొలవాలన్నది కలచురి శాసనాలకు గాని, కంపెనీ లెక్కలకు గాని ఎదురుకాని ప్రశ్న.

బిలాస్‌పూర్ నుండి రాయ్‌పూర్ వైపు పోయే దారిలో దాధాపారా దాటిన తరువాత చకర్‌భాఠా స్టేషను వస్తుంది. దాని పొరుగున ఉన్న చిన్న పట్టణమే బోద్రీ. ఈ వ్యాసంలో పేర్కొన్న యుగాలన్నీ ఆ కొద్దిపాటి చోటులో ఒకదాని పక్కన ఒకటి నిలిచి ఉన్నాయి. పేరులోనే నేల స్వభావాన్ని దాచుకున్న పల్లె ఒకవైపు. బొగ్గుబండ్లు ఎడతెగక పోయే ఇనుపదారి మరొకవైపు. పుట్టుకను బట్టి కాక చట్టాన్ని బట్టి మనిషిని తూచవలసిన రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం బోద్రీలోనే వెలసింది. సమీపాన ఉన్న విమానాశ్రయానికి ప్రభుత్వం పెట్టిన పేరు బిలాసా దేవి కేవట్. శాసనాలలో పేరు దక్కిన రాణి కాదామె. పడవ నడిపి, చేపలు పట్టి బ్రతికిన కులపు ఆడపడుచు.

తొమ్మిది వందల ఏళ్ళ క్రితం రతన్‌పూర్ శిలపై ఆంధ్ర, ఖిమిడి అన్న పేర్లు కప్పం చెల్లించినవారి జాబితాలోకి ఎక్కాయి. ఆ శిలను చెక్కిన శిల్పి, దానిని మోసిన కూలి ఏ సీమవారో, ఏ వృత్తివారో అడిగినవారు అరుదు. ఖిమిడి నుండి వచ్చి చకర్‌భాఠా దారిలో పట్టాలు బిగించినవారి కథకు ఆ గతి పట్టకూడదు. వారి పదవీ విరమణ పత్రాలు, ఇత్తడి బిళ్ళలు, ఊరి నుండి వచ్చిన ఉత్తరాలు ఇంకా కొన్ని ఇళ్ళ పెట్టెలలో ఉన్నాయి. శాసనాలను సేకరించినంత శ్రద్ధతో వాటిని కూడ సేకరించిననాడే ఈ సీమ చరిత్ర సమగ్రమవుతుంది.